కట్టేసిన లాంచీ వేగం

“స్పీడు మీటరు సున్నా చూపిస్తోందే!” అన్నాడు లాంచీ కొనడానికి వచ్చినాయన.

చేతిలో కాగితం, చెవి మీద పెన్ను. ఇంజను, పంపు, లైట్లు, హారను ఒక్కొక్కటీ వేయించి చూసి టిక్కు పెట్టుకుంటూ వచ్చిన మనిషి, మీటరు ముందు ఆగిపోయాడు.

“కట్టేసిన లాంచీకి సున్నా కాక ఇంకేం చూపిస్తుందండీ?” అంది అక్క. ఆ లాంచీకి మెకానిక్కు ఆవిడే. నడిపేది తమ్ముడు. “పైగా దాని చక్రం నీళ్లలో లేదు. నా సంచిలో ఉంది.”

“సంచిలో ఎందుకుందమ్మా?”

“నీళ్లలో వదిలేస్తే నత్తచిప్పలు పట్టేస్తాయి.”

“అదంతా నాకు తెలీదు. ప్రతిదీ పని చేసి చూపించాలి. ఒక్కటి పని చెయ్యకపోయినా నాకొద్దు. ముందే చెప్పాను.”

లాంచీని ఎత్తుకెళ్లడానికి గట్టు మీద లారీ, క్రేను సిద్ధంగా ఉన్నాయి. క్రేను డ్రైవరు రెండోసారి టీ తాగుతున్నాడు. తమ్ముడు అక్కను పక్కకు లాగాడు.

“అక్కా, నీకు దణ్ణం పెడతాను. అది బిగించి చూపించెయ్. బేరం చెడగొట్టకు.”

“చెడగొట్టాలనుంటే ఆ చక్రాన్ని నీళ్లలోనే వదిలేసేదాన్నిరా. ఈపాటికి రాయిలా బిగుసుకుపోయేది. ఆయన వచ్చిన దారినే పోయేవాడు.”

“మరి వదల్లేదేం?”

“చేతిలో పని పాడు చెయ్యడం నాకు రాదు.”

ఏడు నెలల కింద తుపానుకు ఇసుక మేటవేసి, ఏరు సముద్రంలో కలిసే మొగ పూడిపోయింది. లాంచీ లోపల చిక్కుకుంది. మొగ దగ్గర ఇసుక తోడే యంత్రం పని చేస్తూనే ఉంది కానీ అది ఐదు కిలోమీటర్ల అవతల, రెండు మలుపుల వెనక. ఎప్పటికి తెరుచుకుంటుందని అడిగితే ఆఫీసులో ఇంకో ఏడాది అన్నారు. తమ్ముడు అమ్మేద్దామన్నాడు. ఒక్క నెల చూద్దామంది అక్క. ఆ నెల నిన్నటితో అయిపోయింది. మాటంటే మాటే.

పారని నీళ్లలో నాచు, చిప్పలు మరీ పెరుగుతాయి. ఆ చక్రం చూస్తే చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది. లాంచీ అడుగున నీళ్లు దాన్ని రాసుకుంటూ పోతే తిరుగుతుంది. ఎంత జోరుగా తిరిగితే మీటరు అంత వేగం చూపిస్తుంది. ఒక్క చిప్ప పట్టినా అంతే సంగతులు. అందుకని అక్క దాన్ని పైకి తీసేసి, ఆ కన్నానికి బిరడా బిగించింది. వారానికోసారి బిరడా తీసి కన్నం అంచులు గీకేది. చక్రాన్ని వెనిగరులో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమేది. చిప్పలు పట్టని రంగు పల్చగా పూసేది. మందంగా పూస్తే చక్రం తిరగదు.

“లాంచీ అడుగు కదలదు, నువ్వేమో దాని స్పీడు మీటరు తోముతావు. ఆలూ లేదు, చూలూ లేదు...” అని తమ్ముడు ఏడిపించని వారం లేదు.

“మొగ తెరుచుకున్న రోజున గీక్కుంటూ కూచోలేంరా,” అనేది అక్క.

ఇప్పుడావిడ నేలపలక ఎత్తింది. బిరడా తిప్పి లాగింది. నీళ్లు చివ్వున ఎగిరాయి. కొనడానికి వచ్చినాయన ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది.

“మునిగిపోతాం! మునిగిపోతాం!” అని అరిచాడాయన.

“రెండు క్షణాలకే మునగదులెండి,” అంటూ అక్క చక్రాన్ని కన్నంలోకి దించి మూత బిగించింది. నీళ్లు ఆగాయి. “ఇప్పుడు చూడండి.”

ఆయన చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

“కట్టేసిన లాంచీకి సున్నా కాక ఇంకేం చూపిస్తుందన్నావు. ఇదేంటమ్మా, ఒకటి పాయింట్ రెండు?”

తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. “ఏడు నెలలు చంటిపిల్లకి పోసినట్టు స్నానాలు పోశావు కదే! చివరికి ఇదా?”

అక్క చక్రాన్ని మళ్లీ పైకి తీసి బిరడా పెట్టింది. మీటరు సున్నాకి వచ్చింది. చక్రాన్ని వెలుతురులో పెట్టి చూసింది. చిప్ప లేదు, నాచు పోగు లేదు. ఉఫ్‌మని ఊదితే తిరిగింది. ఊదడం ఆపితే ఆగింది. తిరిగి బిగించింది.

ఒకటి పాయింట్ నాలుగు.

కొనడానికి వచ్చినాయన కాగితం మీద ఇంటూ మార్కు కొట్టాడు. తమ్ముడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఒక్క మీటరు గురించి వద్దనకండి బాబూ. మిగతావన్నీ చూశారుగా.”

ఆయన ఇంజను వైపు చూశాడు. దాని ఇత్తడి గొట్టాల్లో మొహం కనిపిస్తోంది. కాసేపు నసిగి మెత్తబడ్డాడు.

“సరే, మీటరు నేను వేరేది పెట్టుకుంటాలే. ఊఁ, సంతకాలు కానియ్యండి.”

తమ్ముడు పెన్ను అందుకున్నాడు. కాగితాన్ని ఇంజను మూత మీద పరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో వెతుకుతున్నాడు.

అక్క కిటికీలోంచి గట్టు వైపు చూసింది. లాంచీని కట్టిన మోకు ఏడు నెలలుగా నీళ్లలోకి వేలాడుతూ ఉండేది. సగం దాకా నాచు పట్టిపోయింది. ఆ నాచు పట్టిన సగం ఇప్పుడు నీళ్లపైకి లేచింది. చుక్కలు కారుతోంది. మోకు బిర్రుగా బిగుసుకుని కిర్రుమంది.

ఆవిడ వచ్చి తమ్ముడి చేతిలో పెన్ను లాగేసుకుంది.

“మీటరు బాగానే ఉందిరా.”

“ఎక్కడ బాగుంది? కట్టేసిన లాంచీ ఎలా నడుస్తుందక్కా?”

“లాంచీ కాదురా, నీళ్లు నడుస్తున్నాయి. మొగ తెరుచుకుంది!”