చావడానికి తీరిక

"కట్!" అనగానే వీధిలోని శవాలన్నీ దుమ్ము దులుపుకుని లేచాయి. ఒక్కటి మాత్రం లేవలేదు.

ఆ నగరంలో ఎప్పుడూ ఏదో ఒక భారీ సినిమా తీస్తూనే ఉంటారు. ఈసారి యుద్ధం ఈ వీధికొచ్చింది.

అసిస్టెంటు డైరెక్టరు కంగారుగా వంగి చూశాడు. శవం గురక పెడుతోంది.

"లేపకు బాబూ!" ఎదురింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది ఆ శవంగారి భార్య. "మా ఆయన బస్సు డ్రైవరు. చావడానికి కూడా తీరిక లేదంటుంటారు. ఇన్నాళ్ళకి దొరికింది, పోనీ."

అసిస్టెంటు నవ్వాడు. "ఇంకో టేక్ ఉంది, పడుకోనివ్వండి. శవాలు తక్కువయ్యాయి, మీరూ పడుకుంటారా?"

"పడుకుని ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదమ్మా."

ఆమె అతణ్ణి అనుమానంగా చూసింది. గరిటె అతని చేతిలో పెట్టి, మొగుడి పక్కన నేలమీద ఒరిగి కళ్ళు మూసుకుంది.

"యాక్షన్!"

మేడ మీది కిటికీలోంచి అత్తగారి కేక వినబడింది. "అమ్మాయ్, నా కళ్ళజోడేదీ?" వెనకే కొడుకు అరుపు. "అమ్మా, నా సాక్సులెక్కడ?"

రెండూ ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

కానీ చచ్చినవాళ్ళు పలకరు కదా.