గోటికి ఊడిన ముడి

వ్యవసాయ అధికారి పరీక్ష రేపు. వయసు ప్రకారం నాకిదే ఆఖరిసారి. మొక్కల వేళ్లకు ముడులు కట్టించే నులిపురుగుల పాఠం తిరగేస్తూ, కుదురు లేక బాల్కనీలోకి వెళ్లాను. అమ్మ చిక్కుడు మొక్క ఆకులు పసుపెక్కాయి. పాఠంలో ఉన్నట్టే ఉంది. ఆగలేక పీకేశాను. వేళ్ల నిండా ముడులు.

"పూత మీదుంది కదే, ఎందుకు పీకావ్?" అంది అమ్మ, చేతిలో చెంబుతో.

"పురుగు పట్టిందమ్మా. చూడు."

గోటితో గీరితే ముడి ఊడి వచ్చింది. పురుగు కట్టిన ముడి అలా ఊడదు. ఇవి మొక్కకు మేలు చేసే బుడిపెలు. పొద్దున కంఠతా పట్టిన తేడా ఇదే.

"మరి ఆకులకేమైంది?" అంటూ చూస్తే, కుండీ అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి.

అమ్మ చెంబు వెనక్కి దాచుకుంది.

"నువ్వు చదువుతుంటే నాకు కాలు ఒకచోట నిలవదే. లేచినప్పుడల్లా ఓ చెంబు పోస్తున్నా."