కుక్కకు ఇంజెక్షన్లు వేయించారు

ఆ రోజు ఇంట్లో ఉన్నది బాబాయి, పిన్ని, నేను, మర్నాడు కుక్కల అందాల పోటీకి వెళ్లాల్సిన బాబాయి కుక్క.

ముందురోజు అది పిన్ని వేలు కొరికింది. పొద్దున్నుంచి ఆమెకు చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. బాబాయి హాల్లో కుక్క బొచ్చు దువ్వుతున్నాడు.

“బాబాయ్, పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్దాం.”

“పంటి గాటుకే ఆసుపత్రా? దీనికి అన్ని ఇంజెక్షన్లూ వేయించాను.”

“కుక్కకు వేయిస్తే పిన్నికి సరిపోతుందా? యాక్సిడెంట్ అప్పుడు పిన్నికి, ఒంట్లోకొచ్చే క్రిములను ఆపే ప్లీహం తీసేశారు కదా. జ్వరమొస్తే గంట కూడా ఆగొద్దన్నారట.”

“నాకు చెబుతున్నావా? డాక్టర్ చెప్పింది నాకే. ప్రాణం మీదికొస్తుందని కూడా చెప్పాడు. కుక్క కరిచిందని అక్కడ రాసుకుని, ఆ మాట పోటీవాళ్లకు చేరితే రేపు దీన్ని పోటీలోకి రానిస్తారా? రేపు సాయంత్రం పోటీ అయ్యాక పిన్నిని తీసుకెళ్తాలే.”

ఆయనకు తెలియదేమోనని పొద్దున్నుంచీ మాటలు కూడబలుక్కుంటున్నాను. తెలిసే దువ్వుతున్నాడు.

గడప దాటి, మెట్ల మీద నిలబడి అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఎన్నడూ లేనిది, పక్కింటివాళ్లకు వినపడేలా చెప్పాను. “మా పిన్నిని కుక్క కరిచిందండీ. ఆమెకు ప్లీహం లేదు. జ్వరం.”

“ఈ పిల్లకి నోట్లో నాలుకే లేదనుకున్నాను!” అంటూ బాబాయి, నా వెనకే గడప దాకా వచ్చిన కుక్కను లోపలికి లాక్కుని, నా ముఖం మీదే తలుపు వేశాడు.