రాఘవను దాటే బండి

“ఎర్ర కుట్టు సీట్లు, గర్జించే సైలెన్సరు నాకక్కర్లేదమ్మా. కంకిపాడు రాఘవ కారును ఇది దాటుతుందా, లేదా?” అన్నాడు శేషగిరి.

బెజవాడ షోరూములో కార్లమ్మే దీవెన చిరునవ్వు చెదరలేదు. “మామూలు మోడల్ కంటే ఈ స్పోర్ట్ మోడల్ బాగా చురుకండీ. ఆయనతో పేచీ ఏంటండీ?”

“నెల రోజులుగా బందరు రోడ్డులో నేను కనబడితే చాలు, హారన్ కొట్టి మరీ దాటిపోతున్నాడు. నిన్న మా ఆవిడ పక్కనుండగా చెయ్యి కూడా ఊపాడు. వాడికి నా దుమ్ము తినిపించాలి.”

“ఆయన కొన్నదీ ఇదేనండీ, నా దగ్గరే. ఆయనా దాటుతుందా అనే అడిగారు.”

“ఎవర్ని?”

“కార్తీకంలో వాళ్లమ్మగారు కాలువలో స్నానం చేసి మడిచీరతో గుడికెళ్తుంటే, ఎవరో తెల్ల కారాయన బురద చిమ్మి ఆగకుండా పోయాడటండీ. ఎనభై ఏళ్లావిడ, ఆ చలిలో మళ్లీ కాలువలోకి దిగారట.”

శేషగిరి చూపు అద్దాల బయట నిలిపిన తన తెల్ల కారు మీద పడింది. ఆ వేకువన అభిషేకానికి ఆలస్యమవుతున్నదని, అద్దంలో ఆ ముసలమ్మను చూసి కూడా వేగం పెంచినవాడు తానే.

“ఒకసారి నడిపి చూస్తారాండీ?”

“ఆవిడ ఇప్పుడెలా ఉందమ్మా?”

“తనను దాటే బండి కోసం తెల్ల కారాయన వచ్చి, ఆ మాట అడిగితే ఇంటికి రమ్మని చెప్పమన్నారండీ రాఘవగారు,” అన్నది దీవెన. “అడక్కపోతే ఆయనకి ఈ కారు అమ్మెయ్యమన్నారు.”