టేపు గదిలో నలభై అయిదు నిమిషాలు

“చెప్పులు బయట,” అన్నాడు కుప్పుస్వామి, తల ఎత్తకుండానే.

ఫణిధర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. “ఇదేమన్నా గుడాండీ?”

“గుడికి చెప్పులేసుకోని పొయినా దేవుడు ఓర్చుకుంటాడు తమ్ముడూ. టేపు ఓర్చుకోదు. ఒక్క దుమ్ము రేణువు పడిందా, నాలుగు వేలమంది నేతగాళ్ల పేర్లు గోవిందా.”

ముదలియార్‌పేటలోని ఆ చేనేత సహకార సంఘం కార్యాలయంలో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. మేనేజరు విజయరంగన్ ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే, సంఘం లెక్కలు దాచిన కంప్యూటర్ టేపులు పద్దెనిమిది డిగ్రీల్లో హాయిగా పడుకుంటాయి. 2007 మే నెల ఎండల్లోనూ వాటి కాపరి కుప్పుస్వామి శాలువా కప్పుకొని తిరుగుతుంటాడు. గదిలోకి మరొకరు అడుగు పెట్టడానికి లేదు.

కంప్యూటర్లు చూసుకోవడానికి ఫణిధర్ యానాం శాఖ నుంచి వచ్చి వారమైంది. వచ్చీరాగానే మేనేజరుకు కాగితం పెట్టాడు. టేపులకు కాలం చెల్లింది, సంఘం లెక్కలన్నీ దాచడానికి అరచేతిలో పట్టే హార్డ్ డిస్క్ ఒకటి చాలు, గది మూసేస్తే కుప్పుస్వామిని యానాం పంపవచ్చు, అక్కడ ఖాళీ ఉంది అని.

ఆ చివరి ముక్క చదివిన దగ్గర్నుంచి కుప్పుస్వామికి నిద్ర లేదు. కొత్తింట్లో పాలు పొంగించి నాలుగు నెలలు కాలేదు. భార్య భాగ్యం ముందే తేల్చేసింది: “నువ్వు పో. నేను రాను. నెలకో జాబు రాయి.”

“యానాం మంచి ఊరండీ,” అన్నాడు ఫణిధర్ గుమ్మం బయటినుంచే. “గోదారి ఒడ్డు. పులస దొరుకుద్ది.”

“నువ్వే పొయి తిను నాయనా.”

అంతలో మేనేజరు వచ్చాడు, వెనకాలే టైపిస్టు తిలకవతి.

“ఏందన్నా, యాడిదాకా వచ్చింది మీ యుద్ధం?” అన్నాడు విజయరంగన్.

“హార్డ్ డిస్క్ అంట సార్! కింద పడితే చచ్చిపోయే సరుకు. నేను మద్రాసులో పనికి చేరినప్పుడు టేపు చుట్ట దోసెపెనమంత ఉండె. దాన్ని తిప్పే మిషను బీరువా అంత. ఈపొద్దు చూడండి, సబ్బుబిళ్ల. అట్లాంటి చుట్టలు వందైనా దీని కడుపులో పడతాయి. ఒళ్లు తగ్గింది, కడుపు పెరిగింది.”

“మా ఆయనకి రెండూ పెరిగినాయి,” అంది తిలకవతి.

మేనేజరు నవ్వు ఆపుకొన్నాడు. “వాదం ఎందుకు? ఫణిధర్ ఏదో ఒక పాత ఫైలు అడగనీ. నువ్వు టేపులోనించి తీసిస్తే గది ఉంటాది. లేదంటే రేపే యానాం బస్సు.”

“2002 మార్చి,” అన్నాడు ఫణిధర్ ఠక్కున.

కుప్పుస్వామి భుజం మీది శాలువా జారింది. “అంత పాతదా? ఈ ఉప్పుగాలికి సాగిపోయుంటాది సార్. మూడేళ్ల లోపలిది అడగమనండి.”

“అదీ న్యాయమే. మూడేళ్ల లోపలిది అడుగు.”

“అయితే 2005 జూన్. సభ్యుల జాబితా.”

“నలభై అయిదు నిమిషాలు పడతాది,” అన్నాడు కుప్పుస్వామి. “ఫైలు పెద్దదైనా అంతే, చిన్నదైనా అంతే. టేపు పద్ధతి అది.” బల్ల మీది టిఫిన్ సంచిని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా తీసుకున్నాడు.

“ఇందాకే క్యాంటీన్లో రెండు పరోటాలు తిన్నారే?” అంది తిలకవతి.

“భయానికి ఆకలేస్తాదమ్మా,” అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

కాసేపటికి లోపలినుంచి కిర్రుమని, ఆ వెనక సుయ్యిమని టేపు తిరుగుతున్న చప్పుడు. ముగ్గురూ తలుపుకు చెవులొగ్గి నిలబడ్డారు. ఆ చప్పుడు వింటుంటే ఫణిధర్‌కు కూడా ఎందుకో భక్తి పుట్టింది. చెప్పులు విడిచాడు.

ఉన్నట్టుండి సన్నగా ఒక కేక. “నెత్తిలీ... వంజిరం!”

“సాయంత్రం నాలుగింటికి చేపలేంది?” అన్నాడు మేనేజరు. “మణియమ్మ పొద్దున్నే కదా వచ్చేది?”

తిలకవతి కిటికీలోంచి తొంగి చూసింది. “వీధిలో ఎవురూ లేరు సార్.”

“సందు తిరిగిపోయుంటాది. నెత్తిలి దొరికితే బాగుండె,” అని గుటక వేశాడు విజయరంగన్.

సరిగ్గా నలభై అయిదో నిమిషంలో లోపల టక్కుమంది. చప్పుడు ఆగిపోయింది. తలుపు సందులోంచి కుప్పుస్వామి తల బయటికొచ్చింది. “పొయి నీ కంప్యూటర్లో చూసుకో తమ్ముడూ.”

ఫణిధర్ చూశాడు. 2005 జూన్ జాబితా. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా ఒక్క అక్షరం పోలేదు. అనుమానం తీరక పాత రిజిస్టరు తెచ్చి పక్కన పెట్టుకొని మళ్లీ చూశాడు. అంతా సరిపోయింది.

తన కాగితం తనే అడిగి తీసుకొని నాలుగు ముక్కలు చేశాడు. “తప్పయిపోయిందండీ కుప్పుస్వామి గారూ. టేపును ఇన్నాళ్లూ తక్కువ చూశాను.”

“గది ఉంటాది,” అన్నాడు మేనేజరు. “ఇకమీద నేను కూడా చెప్పులు బయటే విడుస్తా.”

వాళ్లు టీకి పోగానే కుప్పుస్వామి తలుపు గడియ పెట్టి భాగ్యానికి ఫోను చేశాడు.

“గండం తప్పింది.”

“అయితే నా క్యాసెట్ ప్లేయరు ఇంటికి తే. పాటలు విని ఎన్నాళ్లాయె!”

“అది ఈడనే ఉండాల. ముందు దాంట్లో ఆ చేపలామె కేక తుడవాల,” అంటూ, నలభై అయిదు నిమిషాలకు ఒక వైపు అయిపోయిన క్యాసెట్‌ను రెండో వైపుకు తిప్పి పెట్టాడు. తర్వాత, ఇంకా వెచ్చగా ఉన్న హార్డ్ డిస్కు తీగ పీకి, తువ్వాలులో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాడు.

టేపులు తిప్పే డ్రైవ్ చచ్చి మూడేళ్లయింది.