మంచి పొరుగు

“అరవై ఎనిమిది లక్షలు పోసి, నరమానవుడు లేని చోటు కొనుక్కుందామా?” అంది క్రిస్టినా.

ఫిన్నీ వంటింటి కిటికీ తీసి చూశాడు. ఇళ్లు అమ్మిపెట్టే హరిబాబు తాళాలు చేతిలో పెట్టి, “తీరిగ్గా చూసుకు రండి సార్” అని గేటు దగ్గర ఆఫీసులోనే ఉండిపోయాడు. మధ్యలో అతనుంటే మొగుడూ పెళ్లాలు ఇలా వాదించుకోవడం కుదిరేది కాదు.

ఇల్లు బాగుంది. వచ్చిన చిక్కల్లా అదే. కొండపల్లి దాటాక నాలుగు కిలోమీటర్ల దూరాన, కొత్తగా కట్టిన నలభై ఇళ్ల కాలనీ. థర్మల్ స్టేషన్‌లో ఫిన్నీ డ్యూటీకి బండి మీద పావుగంట. బెజవాడలో ఇదే డబ్బుకి ఫ్లాటు వస్తుంది గానీ, మొక్క నాటుకోవడానికి జానెడు మట్టి దొరకదు. ఎటొచ్చీ ఈ వీధిలో ఏ గుమ్మం చూసినా తాళమే వేలాడుతోంది.

“మా అమ్మ ఇచ్చిన మైలవరం పొలం అమ్మితే గానీ ఇది రాదు. అదీ అమ్ముకుని మళ్లీ ఒంటరిదాన్నే అవ్వాలా? కేకేస్తే పలికే మనిషి ఉండాలండీ. నాకింకేం వద్దు.”

క్రిస్టినాకి ఐదో నెల. నెలలో పది రోజులు ఫిన్నీకి నైట్ షిఫ్టు. ఇబ్రహీంపట్నంలో అద్దెకుంటున్న మేడ మీద గదిలో ఆ పది రాత్రులూ ఎలా గడుస్తాయో ఆమెకే తెలుసు. ఒక్కదాని కోసం వండుకోబుద్ధి కాక బిస్కెట్లు తిని పడుకుంటుంది. టీవీ కట్టేస్తే భయం, పెడితే ఏడుపు. కింద వాటాలో ముసలాయన దగ్గితే ప్రాణం లేచొచ్చేది. ఆయన ఖాళీ చేసి వెళ్లిపోయి ఆర్నెల్లయింది.

“సరే, పోదాం పద” అన్నాడు ఫిన్నీ. అతని మొహం చూస్తే క్రిస్టినాకే జాలేసింది.

తాళం వేస్తుంటే పక్కింటి ప్రహరీ మీంచి ఒక పెద్దాయన తొంగి చూశాడు. డెబ్బై ఏళ్లుంటాయి. ఇస్త్రీ పంచె, చేతిలో నీళ్ల పైపు.

“ఇల్లు చూడ్డానికొచ్చారామ్మా? నా పేరు వీరభద్రయ్య. మాది మంగళగిరి. చీరల కొట్టు మా వాడికి అప్పగించి ఇక్కడికొచ్చేశాను.”

“ఇక్కడ ఎవరూ ఉండరాండీ?” సూటిగానే అడిగేసింది క్రిస్టినా.

పెద్దాయన పైపు కింద పెట్టి, పంచెకు చెయ్యి తుడుచుకున్నాడు.

“భలే రోజు చూసుకొచ్చారు. ఆ చివరింటి లెక్కల మాస్టారి అమ్మాయి పెళ్లి ఇవాళ, గుడివాడలో. పొద్దున్నే రెండు బస్సులేసుకుని అంతా పోయారు. నాకే మోకాళ్లు సహకరించక ఆగిపోయాను. మొక్కలు ఎండిపోతాయి, కాసిని నీళ్లు పెట్టు బాబాయ్ అని అందరూ నాకే చెప్పిపోయారు.”

నిజమే. వరసలో ప్రతి గేటు ముందూ మట్టి తడిగా ఉంది.

“అందరూ కలిసిమెలిసి ఉంటారా?”

“కలవడమా? వదిలిపెడితే కదమ్మా. సాయంత్రమైతే ఆ మలుపులో కుర్చీలేస్తాం. సీతమ్మగారని, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆవిడ నోరు తెరిస్తే మనం మూసుకోవాల్సిందే. ఎదురింటి సొలొమోను గారు మీ చర్చివాళ్లే.” ఆమె మెడలో సిలువ గొలుసు చూసి అన్నాడాయన. “క్రిస్మస్ కేకు ముందు మా ఇంటికొచ్చాకే ఎవరికైనా.”

క్రిస్టినా నవ్వింది. ఆమె నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో ఫిన్నీకి గుర్తు రాలేదు.

పెద్దాయన ఆమె పొట్ట వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“వెనక వీధిలో మల్లీశ్వరి అని నర్సుంది. ఎన్నింటికి తలుపు కొట్టినా విసుక్కోదు. నీకేం భయం లేదు తల్లీ.”

“మీ ఇంట్లో ఎవరుంటారండీ?”

“నేనే. మా ఆవిడ మనసుపడి కొనిపించింది, గృహప్రవేశానికి ముందే పోయింది.” కుళాయి కట్టేశాడు. “ఇంతమంది ఉండగా నాకేం లోటమ్మా? కాఫీ తాగి వెళ్దురుగాని. పది నిమిషాలే.”

పది నిమిషాలు కాస్తా గంటయింది. లెక్కల మాస్టారి పిసినారితనం, సీతమ్మగారి ఆవకాయ, ఒకటి తరవాత ఒకటి చెబుతూనే ఉన్నాడు. గ్లాసులు ఖాళీ అయితే మళ్లీ పోశాడు. వాళ్లు లేస్తే తనూ లేచి గేటు దాకా వచ్చాడు.

“ఎప్పుడొస్తారమ్మా మరి?”

“త్వరలోనే బాబాయ్‌గారూ” అంది క్రిస్టినా. ఆ వరస ఆమె నోటికి దానంతటదే వచ్చేసింది.

ఆఫీసులో హరిబాబు ధర తగ్గించడానికి సిద్ధపడే కూర్చున్నాడు. ఆమె బేరమే ఆడలేదు.

“బుక్ చేసుకుంటామండీ. ధర ఎక్కువే, కాదనను. కానీ ఇలాంటి ఇరుగుపొరుగు ఎక్కడ దొరుకుతారు?”

“ఎవరు చెప్పారు మేడం?”

“పక్కింటి వీరభద్రయ్య గారు. నర్సుగారి గురించి, సొలొమోను గారి గురించి, అందరి గురించీ చెప్పారు.”

“ఆయన చాలా మంచివారు మేడం” అని హరిబాబు రసీదు పుస్తకం తెరిచాడు. ఫిన్నీ అడ్వాన్సు ఫోన్లోంచి అక్కడికక్కడే పంపేశాడు.

బండెక్కి వెనక్కి చూస్తే వీధి మొదట్లో పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నాడు. క్రిస్టినా చెయ్యి ఊపింది. ఆయన రెండు చేతులూ ఊపాడు. తనకంటూ కొంతమంది మనుషులు దొరికారని ఆమెకు కళ్లు చెమర్చాయి.

ఆ నలభై ఇళ్లలో మనిషంటూ ఉంటున్నది వీరభద్రయ్య ఒక్కడే.