పాత శ్మశానంలో కొత్త మట్టి

నూరేళ్ల నాటి సమాధుల మధ్య, పసిబిడ్డ పట్టేంత గొయ్యి ఒకటి కొత్తగా పూడ్చి ఉంది.

గడ్డి కోస్తున్న దర్జీ చేతిలో కొడవలి ఆగిపోయింది. ఆ మట్టి మీద ఒక్క పరక మొలవలేదు. చుట్టూ ఉన్న రాళ్లన్నీ ఆమెకు చుట్టాల్లా తెలుసు. ఒక్కో రాయినీ నీళ్లతో కడిగి, దుకాణంలోని అద్దం తెచ్చి ఎండను ఏటవాలుగా పడేలా పట్టుకుని, అరిగిపోయిన అక్షరాలు చదివి ఫొటో తీసేది. ఇంట్లో అందరూ మర్చిపోయిన ముత్తవ్వ పేరు దొరికింది ఆ అద్దం వెలుగులోనే. బాబాయి ఆసుపత్రి గొడవలో పడి ఆమె నెల రోజులుగా ఇటు రాలేదు. రేపు పొద్దున బుల్‌డోజర్ వస్తుంది. మిగిలిన నాలుగు రాళ్ల ఫొటోలయినా దక్కించుకుందామని ఇవాళ వచ్చింది.

“బాబాయ్, ఇక్కడెవర్నో పాతిపెట్టారు.”

బాబాయి కారులోంచి దిగలేదు. బస్సు డ్రైవరుగా రిటైరైనా ఆయన ఖాకీ పంట్లాం వదల్లేదు. అదీ ఆమె కుట్టిందే కావాలి. వారం వారం ఆమెను శ్మశానాల వెంట తిప్పింది ఆయనే. ఇప్పుడు క్లచ్ తొక్కలేడు గనక ఆమే నడుపుతోంది. ఆమె గేరు మార్చినప్పుడల్లా పక్క సీట్లో పళ్లు నూరుతాడు.

“చిన్న గొయ్యి బాబాయ్. చంటిబిడ్డేమో. నాకు చేతులాడటం లేదు.”

“అయితే పోలీసుల్ని పిలువు.”

“వాళ్లొస్తే ఇక ఫొటోలు తియ్యనిస్తారా?”

“పిలవమన్నానా. ఆ గోడౌన్ల ఆసామిని కూడా రమ్మను. స్థలం కొన్నవాడు లేకుండా ఎలా?”

ఆ ఆసామి పేరెత్తితేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. యాభై ఏళ్లుగా ఎవర్నీ పూడ్చని శ్మశానాన్ని పాడుబడ్డదని రాసి చదును చేసుకోవచ్చని రూలుంది. విచారణ రోజున ఆమె తన ఫొటోలన్నీ బల్ల మీద పరిస్తే ఆయన పగలబడి నవ్వాడు.

“చచ్చినవాళ్ల అడ్రసులు రాసుకుంటూ తిరిగే పిచ్చిదానివి నువ్వు. అంత ప్రేమ ఉంటే మీ ఇంట్లోవాళ్లని తెచ్చి పూడ్చుకోండి. అప్పుడు వదిలేస్తా.”

“మాట మీద ఉంటావా?” అన్నాడు బాబాయి.

“ముందు మీరు చచ్చి చూపించండి పెద్దాయనా.”

“ఒక్కసారిగా ఎలా కుదురుతుందయ్యా. మెల్లగా వస్తాలే,” అని బాబాయి లేచొచ్చేశాడు. మర్నాడే ఆసుపత్రిలో చేరాడు. ఎన్నేళ్లుగానో ముదరబెట్టుకున్న సుగరు.

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన వెనకే ఆసామి కారు వచ్చి ఆగింది.

“ఇదంతా నాటకం సార్. బుల్‌డోజర్ని ఆపడానికి ఏ కోడినో కప్పెట్టి ఉంటుంది. తవ్వించండి.”

“తవ్విస్తే ఉన్నదున్నట్టు రాయాలి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మనిషిదంటూ ఒక్క ఎముక బయటపడినా యాభై ఏళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మీకిష్టమేనా?”

“రాసుకోండి. కోడి ఈకలు కూడా రాసుకోండి.”

బాబాయి కారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. “విన్నావా అమ్మాయ్? ఆసామి ఒప్పుకున్నాడు. ఫోన్లో రికార్డు చెయ్యి, మళ్లీ అనలేదంటాడు.”

చంటిబిడ్డ శవం తీయబోతుంటే ఈయనకీ హుషారేమిటో ఆమెకు అర్థం కాలేదు.

మోకాలి లోతులో ఖాకీ మూట ఒకటి తగిలింది. కానిస్టేబులు ముడి విప్పి, లోపలికి చూసి, గబుక్కున కప్పేశాడు. ముక్కు మూసుకుని దూరంగా పోయాడు.

“మనిషిదే సార్.”

ఆసామి మొహం పాలిపోయింది. తేరుకుని వేలెత్తి చూపించాడు. “హత్య చేసింది సార్. స్థలం కోసం హత్య చేసింది. పట్టుకోండి.”

ఇన్‌స్పెక్టరు వంగి మూట అంచు చూశాడు. పంట్లాం గుడ్డ. అంచు పొడుగునా దగ్గర దగ్గరగా జంట కుట్టు. ఆమె దగ్గరికొచ్చి చూసింది.

“ఈ కుట్టు నాది,” అంది.

“ఎవరికి కుట్టావు?”

కారు వైపు చూడకుండా ఉండటానికి ఆమె పళ్లు బిగించింది. ఆయన ఏం చేశాడో, ఎందుకు చేశాడో తెలియదు. తన నోటితో మాత్రం ఆ పేరు రాదు.

“నా దుకాణానికి చాలామంది వస్తారు. చెప్పను.”

“చెప్పకపోతే నిన్నే తీసుకెళ్లాల్సి ఉంటుంది.”

“తీసుకెళ్లండి. అంతకన్నా ముందు, రేపు ఇక్కడికి బుల్‌డోజర్ రాదని రాయండి. అది రాసేదాకా నేను కదలను.”

ఇన్‌స్పెక్టరు ఆమె వంక ఒకసారి, ఆసామి వంక ఒకసారి చూసి, జేబులోంచి కలం తీశాడు. ఆయన రాయడం ముగిసేసరికి కారు తలుపు తెరుచుకుంది. చంకల కింద కర్రలు పెట్టుకుని, రాళ్లకు తగలకుండా ఒక్కొక్క సమాధినీ దాటుకుంటూ బాబాయి వచ్చాడు.

“రాశారా సార్?”

“రాశాను.”

“సంతకం?”

“పెట్టాను.”

“అయితే మా అమ్మాయిని వదలండి. ఆ పంట్లాం నాది. అది కుట్టిందంతే, దానికేమీ తెలియదు. ఆసుపత్రి నుంచి నన్ను తీసుకొచ్చిన రోజు, దారిలో కారాపి గొయ్యి తవ్వింది నా పాత కండక్టరు. తవ్వమన్నది నేను.” ఆసామి వైపు తిరిగాడు. “ఇంట్లోవాళ్లని తెచ్చి పూడ్చమన్నావు. పూడ్చాను. ఇక నీ మాట మీద నువ్వుండు.”

“ఎవర్ని పూడ్చారు పెద్దాయనా?” ఇన్‌స్పెక్టరు గొంతు మారింది.

“నా ఎడమ కాలు సార్.”